సోలార్‌లో డబ్బు పెట్టాలనుంటే: ఈటీఎఫ్‌లా, ఫండ్లా, డాబా మీద ప్యానెళ్లా?

నల్గొండ, పాలమూరు వైపు నాలుగు రూపాయలు మిగిలితే ఇన్నాళ్లూ పోయేది మూడు చోట్లకే: చిట్టీ, బంగారం, రోడ్డు పక్క ప్లాటు. ఇప్పుడు ఇంకొకటి వచ్చి చేరింది. "సోలార్‌కు మంచి ఫ్యూచర్ ఉందంట గదా, అందుల ఏమన్న ఫండ్ ఉంటే చెప్పు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఆశ ఊరికే పుట్టలేదు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు 9,500 కోట్ల పెట్టుబడితో తలపెట్టిన లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలోనే మొదలైంది. దేశం మొత్తం చూసుకున్నా, 2030 కల్లా 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, గ్యాస్ లాంటివి కాని) విద్యుత్ సామర్థ్యం అన్నది సర్కారు పెట్టుకున్న లక్ష్యం. 2025 మధ్యకే స్థాపిత సామర్థ్యంలో సగం ఆ కోవకు చేరింది. తయారయ్యే యూనిట్ల లెక్కలో మాత్రం ఇప్పటికీ బొగ్గుదే పైచేయి.

ఇంత కళ్లముందు కనిపిస్తుంటే డబ్బు పెట్టడం తేలికే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, మనకు కనిపించేది మార్కెట్లో కొనడానికి దొరకదు. నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రం, జూరాల, శ్రీశైలం ఎడమగట్టు, చివరికి దామరచర్ల దగ్గరున్న 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, అన్నీ రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కోవే. జెన్‌కో స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ కాదు. కాబట్టి ఏ ఈటీఎఫ్‌లోనూ కృష్ణా నీళ్ల కరెంటులో మన జిల్లా వాటా ఉండదు. దివిటిపల్లి ఫ్యాక్టరీ సంగతి వేరు. దాని వెనకున్న అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ లిస్టెడ్ కంపెనీయే.

ఈటీఎఫ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నిఫ్టీ లాంటి ఒక సూచీలో (ఇండెక్స్‌లో) ఏయే షేర్లు ఏ పాళ్లలో ఉన్నాయో అదే పాళ్లలో కొనిపెట్టే మ్యూచువల్ ఫండ్ ఇది. తేడా ఏమిటంటే దీని యూనిట్లు షేర్లలాగే ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈల్లో పొద్దున తొమ్మిదింపావు నుంచి మూడున్నర దాకా అమ్ముడవుతాయి. షేర్లు, యూనిట్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తప్పనిసరి. మేనేజరు తెలివితేటలకు పెద్దగా పని లేదు కాబట్టి ఖర్చు తక్కువ.

పేరు సరే, లోపల ఏముంది?

సోలార్, గాలి కరెంటు మాత్రమే ఉన్న ఫండు కావాలని వచ్చినవాళ్లకు మన దేశంలో మొదట చేతికి తగిలేవి ఎనర్జీ, పవర్, పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థ) అని పేరున్న ఈటీఎఫ్‌లు. వీటిలో పాతది, బాగా అమ్ముడయ్యేది సీపీఎస్‌ఈ ఈటీఎఫ్. 2014 మార్చిలో వచ్చింది. ఖర్చు నూటికి పది పైసల లోపే, అంతకంటే చవక దొరకడం కష్టం. లోపల చూస్తే ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్, ఓఎన్‌జీసీ, కోల్ ఇండియా, భారత్ ఎలక్ట్రానిక్స్ పెద్ద వాటాలు. ఎన్‌టీపీసీకి గ్రీన్ ఎనర్జీ అనుబంధ సంస్థ ఉన్న మాట నిజమే, 2024 నవంబరులో అది విడిగా ఐపీఓకు (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) కూడా వచ్చింది. కానీ మాతృసంస్థ సంపాదనలో పెద్ద భాగం బొగ్గు కరెంటుదే. కోల్ ఇండియా పేరులోనే బొగ్గుంది. భారత్ ఎలక్ట్రానిక్స్ రక్షణ దళాలకు రాడార్లు చేసి అమ్ముతుంది. ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్ లాంటి జలవిద్యుత్ కంపెనీలున్నా వాటి పాలు చిన్నది. సోలార్ అనుకుని ఇది కొనేవాళ్లు నిజానికి కొంటున్నది కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలను.

కొనకూడదని కాదు. డివిడెండ్లు బాగా ఇచ్చే కంపెనీలివి. కాకపోతే ఓపిక ఎంత కావాలో చూడండి: 2014లో కొన్నవాళ్లు 2020 మార్చి పతనంలో తాము పెట్టిన ధర కంటే కిందికి దిగిన యూనిట్లు చూసుకున్నారు. ఆరేళ్లు. ఆ తర్వాత 2021 నుంచి 2024 వరకు అదే యూనిట్ ఎన్నో రెట్లు ఎగబాకింది. మధ్యలో విసిగి అమ్మేసినవాళ్లకు మొదటి సగమే మిగిలింది.

ఎనర్జీ సూచీ మీద నడిచేవీ అంతే. నిఫ్టీ ఎనర్జీ సూచీలో రిలయన్స్, ఓఎన్‌జీసీ లాంటి చమురు కంపెనీలు గట్టిగా ఉంటాయి. టాటా పవర్, అదానీ గ్రీన్, సుజ్లాన్ లాంటివి వాటి పక్కన సర్దుకుంటాయి. పవర్ సూచీల్లో చమురు గొడవ తగ్గుతుంది కానీ బొగ్గు కరెంటు పోదు. అందుకే ఏ ఈటీఎఫ్ కొనాలన్నా ముందు ఆ ఫండు సంస్థ వెబ్‌సైట్లో ఫ్యాక్ట్‌షీట్ తెరిచి మొదటి పది పేర్లు, వాటి శాతాలు చదవండి. ఐదు నిమిషాల పని. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమాల ప్రకారం రంగాలవారీ సూచీలో కనీసం పది షేర్లుండాలి, కానీ ఒక్క షేరే 35 శాతం దాకా ఉండొచ్చు. అంటే పది కంపెనీలున్న ఫండు కూడా ఆచరణలో రెండు మూడు కంపెనీల మీదే నడవొచ్చు.

ఎలక్ట్రిక్ బండ్ల ఈటీఎఫ్‌ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2024లో వచ్చిన నిఫ్టీ ఈవీ అండ్ న్యూ ఏజ్ ఆటోమోటివ్ సూచీ మీద నడుస్తున్నాయి. అందులో ఎక్కువ కార్లు, బైకులు, వాటి విడిభాగాల కంపెనీలే, వాటి ఆదాయంలో ఎక్కువ పెట్రోలు, డీజిల్ బండ్లదే. ఆటో రంగం మీద నమ్మకముంటే చూడొచ్చు. సోలార్ కోసం అయితే దారి తప్పినట్టే.

అమెరికా దారి

అసలైన క్లీన్ ఎనర్జీ ఈటీఎఫ్‌లు అమెరికా మార్కెట్లో ఉన్నాయి. ఐషేర్స్ గ్లోబల్ క్లీన్ ఎనర్జీ, ఇన్వెస్కో సోలార్ అనే రెండూ 2008 నుంచి నడుస్తున్నాయి. మొదటిదానిలో సోలార్, గాలి, జల విద్యుత్ కంపెనీలు ప్రపంచం నలుమూలల నుంచి ఉంటాయి. రెండోది ఒక్క సోలార్ మీదే. పేరుకు తగ్గ సరుకు కావాలంటే ఇవే. మరి ఫలితం?

2020లో ఐషేర్స్ ఫండు ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. సోలార్ ఫండయితే మూడింతలు దాటింది. అది చూసి 2021 మొదట్లో జనం ఎగబడ్డారు. ఆ తర్వాత 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు క్యాలెండర్ సంవత్సరాలు ఐషేర్స్ ఫండు నష్టంలోనే ముగిసింది. అదే కాలంలో ప్రపంచంలో సోలార్ ప్యానెళ్ల బిగింపు ఏటికేడు రికార్డులు కొట్టింది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కానీ కారణాలు పట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

సోలార్, గాలి ప్రాజెక్టుల ఖర్చంతా మొదట్లోనే పడుతుంది. బొగ్గు కేంద్రానికి రోజూ బొగ్గు కొనాలి. సోలార్‌కు ఎండ ఉచితం, కానీ ప్లాంటు కట్టడానికి అప్పు తేవాలి. 2022, 2023లో అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగేసరికి ఆ అప్పుల భారం పెరిగింది, కంపెనీల విలువ పడిపోయింది. రెండో దెబ్బ చైనా నుంచి. అక్కడి ఫ్యాక్టరీలు అవసరానికి మించి ప్యానెళ్లు తయారు చేశాయి. బత్తాయి విరగకాసిన ఏడు మన నల్గొండ రైతుకు ఏం జరుగుతుందో ప్యానెళ్ల కంపెనీలకూ అదే జరిగింది: సరుకు ఎక్కువ అమ్ముడైంది, చేతికి మాత్రం ఏమీ మిగల్లేదు. మూడోది సర్కార్ల విధానాలు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా ప్యానెళ్లు పెట్టుకునేవాళ్లకు గ్రిడ్‌కిచ్చే కరెంటు మీద వచ్చే సొమ్ము బాగా తగ్గించారు. ఇళ్లమీద ప్యానెళ్లు బిగించే కంపెనీలు దాంతో కుదేలయ్యాయి.

అంటే ప్యానెల్ ధర పడితే డాబా మీద పెట్టుకునేవాడికి పండగ, ప్యానెల్ కంపెనీ షేరున్నవాడికి కడుపుమంట. ఒకే వార్త ఇద్దరికీ రెండు రకాలుగా పనిచేస్తుంది. 2025లో ఈ ఫండ్లు మళ్లీ లేచాయి, రేపు మళ్లీ పడవని ఎవరూ రాసివ్వరు.

ఇక కొనే తతంగం. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కొక్కరు ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) పట్టుకుంటారు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. పది లక్షల లోపు పంపేవాళ్లకు ఆ బాధ లేదు, వాళ్లకు అసలు దెబ్బ బ్యాంకు చార్జీలు, డాలరు మార్పిడిలో పోయే పైసలు. నెలకు ఐదువేలు పంపితే ఆ చార్జీలకే రాబడి కరిగిపోతుంది. డివిడెండు మీద అమెరికా 25 శాతం కోసుకుంటుంది. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి, ఒక్క యూనిట్ ఉన్నా సరే. విదేశీ పెట్టుబడులు మొత్తం ఇరవై లక్షల రూపాయలు దాటినవాళ్లు మర్చిపోతే నల్లధనం చట్టం కింద జరిమానా భారీగానే ఉంటుంది. అమెరికాలో ఉన్న ఆస్తి 60,000 డాలర్లు దాటి యజమాని చనిపోతే అక్కడి ఎస్టేట్ పన్ను కూడా వచ్చి మీద పడుతుంది.

"కొడుకు డల్లాస్‌లనే ఉన్నడు గదా, వాని పేరు మీద కొందాం" అనే మాట మిర్యాలగూడలోనూ, దేవరకొండలోనూ వినిపించేదే. కొడుకు తన సంపాదనతో తన ఖాతాలో కొనుక్కుంటే అది కొడుకు ఆస్తి, పన్నులు కూడా కొడుకువే. తండ్రి రిటైర్మెంట్ డబ్బు అక్కడ పెట్టి రేపు తిరిగి అడగాల్సి వస్తే ఇంట్లో మాటలు పెరుగుతాయి.

ఇంకో సంగతి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో శుద్ధ ఇంధనం పేరుతో యురేనియం, అణువిద్యుత్ ఈటీఎఫ్‌లు కూడా అమ్ముతారు. కార్బన్ లెక్కలో అణువిద్యుత్ శుభ్రమైనదే. కానీ లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదనకు ఎదురు నిలబడ్డవాళ్లు, 2019లో నల్లమలలో యురేనియం వద్దని రోడ్డెక్కినవాళ్లు ఇక్కడ బోలెడు మంది. తాము వద్దన్న పనికే తమ డబ్బు పోతుందని తర్వాత తెలిస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. కొనేముందే చూసుకోవడం నయం.

మేనేజరు నడిపే ఫండ్లు, విడి షేర్లు

డీమ్యాట్ గొడవ వద్దు, నెలనెలా సిప్ కట్టుకుంటాం అనేవాళ్లకు యాక్టివ్ ఎనర్జీ ఫండ్లున్నాయి. ఎస్‌బీఐ ఎనర్జీ ఆపర్చునిటీస్, ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ ఎనర్జీ ఆపర్చునిటీస్ రెండూ 2024లో వచ్చాయి. డీఎస్‌పీ నేచురల్ రిసోర్సెస్ అండ్ న్యూ ఎనర్జీ 2008 నాటిది. వీటిలోనూ చమురు, గ్యాస్, మెటల్ కంపెనీలుంటాయి. ఏజెంటు ద్వారా తీసుకునే రెగ్యులర్ ప్లాన్‌లో ఖర్చు ఏటా నూటికి రూపాయిన్నర నుంచి రెండు రూపాయల దాకా పోతుంది. డైరెక్ట్ ప్లాన్‌లో చాలా తగ్గుతుంది. 2024లో కొత్త ఫండ్లు ఎందుకన్ని వచ్చాయో గమనించారా? కరెంటు షేర్లు అప్పటికే ఆకాశంలో ఉన్నాయి, జనం అడుగుతున్నారు, కంపెనీలు అమ్మాయి. ఒక థీమ్ మీద కొత్త ఫండ్లు గుంపుగా వస్తున్నాయంటే నేనైతే ఆ ఏడాది పెద్ద మొత్తం పెట్టను.

విడి షేర్ల కథ ఇంకా వేడిగా ఉంటుంది. గాలిమరల కంపెనీ సుజ్లాన్ 2008లో ఎక్కడుంది, 2020లో రెండు రూపాయల దగ్గరికి ఎలా దిగింది అన్నది పాత మదుపర్లకు గుర్తే. అది దివాలా అంచు దాకా వెళ్లింది గాలి వీయక కాదు, అప్పుల వల్ల. గ్రీన్ ఎనర్జీ ప్రాజెక్టులకు అప్పులిచ్చే కేంద్ర సంస్థ ఇరెడా 2023 నవంబరు ఐపీఓలో 32 రూపాయలు, 2024 జూలైలో 300 దాటింది, తర్వాత చాలా భాగం వదులుకుంది. హైదరాబాద్ కంపెనీ ప్రీమియర్ ఎనర్జీస్, మహేశ్వరం వైపు సోలార్ సెల్స్, మాడ్యూళ్లు చేసేది, 2024 సెప్టెంబరులో లిస్టయిన రోజే 450 రూపాయల షేరు రెట్టింపు పలికింది. ఐపీఓలో దొరికినవాళ్ల అదృష్టం అది. మూడు రెట్ల ధరకు కొన్నవాళ్ల సంగతి వేరుగా లెక్కేయాలి. మన ఊరి పక్క ఫ్యాక్టరీ కదా అని అమరరాజా షేరు కొనాలనిపిస్తే కొనండి, కానీ పోయినా ఇల్లు కదలనంత మొత్తమే.

ఈటీఎఫ్ కొనేటప్పుడు తెర మీద కనిపించేది

యాప్‌లో ఈటీఎఫ్ పేరు కొట్టగానే కొనేవాళ్ల ధర, అమ్మేవాళ్ల ధర పక్కపక్కన వస్తాయి. ఉదాహరణకు కొనేవాళ్లు 34.10కి నిలబడ్డారు, అమ్మేవాళ్లు 34.60 అడుగుతున్నారు. ఫండు సంస్థ సైట్లో అదే క్షణానికి ఐ-ఎన్‌ఏవీ, అంటే లోపలున్న షేర్ల అసలు విలువ, 34.20 అని ఉంది. మీరు మార్కెట్ ఆర్డర్ (అప్పుడున్న ధరకే కొనే ఆర్డర్) కొడితే 34.60కి పడుతుంది. యూనిట్‌కు నలభై పైసలు, అంటే ఒక శాతం దాటి, కొన్న క్షణంలోనే పోయింది. ఖర్చు ఏటా పావలా ఆదా అవుతుందని ఈటీఎఫ్‌కు వచ్చి, ఇక్కడ రూపాయి వదులుకోవడం అన్నమాట. ఇంతకు మించి ఇవ్వనని చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టండి, 34.25 అని. పడకపోతే ఆగండి. మార్కెట్ తెరిచిన మొదటి పది పదిహేను నిమిషాల్లో అసలు కొనకండి, అప్పుడే తేడా ఎక్కువ. రోజుకు కొన్ని వేల యూనిట్లు కూడా చేతులు మారని ఈటీఎఫ్ అయితే కొనడం కంటే అమ్మడం కష్టమవుతుంది. అలాంటప్పుడు అదే సూచీ మీద డీమ్యాట్ అక్కర్లేని ఇండెక్స్ ఫండు గానీ, ఆ ఈటీఎఫ్‌నే కొనిపెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్ గానీ దొరుకుతుందేమో చూడండి.

పన్ను ఇక్కడివాటికి సులువు. మన దేశపు షేర్ల ఈటీఎఫ్ ఏడాది దాటాక అమ్మితే, సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపే అమ్మితే 20 శాతం. విదేశీవాటికి ఆ 1.25 లక్షల మినహాయింపు లేదు, రెండేళ్లు దాటితేనే 12.5 శాతం రేటు.

డాబా మీద

ఈటీఎఫ్ గురించి అడిగితే డాబా గురించి చెబుతున్నాడేమిటని అనుకోవద్దు. సొంతిల్లు ఉండి, ఎండాకాలం ఏసీ నడిచే ఇంట్లో వాళ్లకు దీంతో పోటీపడే ఫండు నాకు కనిపించలేదు. కేంద్రం డాబా సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బిగింపు మొత్తం రెండు లక్షలయిందనుకుందాం, జేబులోంచి పోయేది 1.22 లక్షలు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన నెలకు 350 యూనిట్లు. యూనిట్‌కు సగటున ఆరు రూపాయలు మిగిలినా నెలకు 2,100, ఏడాదికి పాతికవేలు. ఐదేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. బిల్లులో ఆదా అయిన సొమ్ము ఆదాయం కాదు కాబట్టి దానికి పన్ను కూడా లేదు. సబ్సిడీ రావాలంటే ప్యానెల్ సెల్స్ దేశంలో తయారైన డీసీఆర్ రకం అయ్యుండాలి, ఇన్వాయిస్‌లో ఆ మాట చూసుకోండి.

అయితే గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇంటికి ఈ లెక్కంతా వర్తించదు. కట్టని బిల్లులో ఆదా ఏముంటుంది? వాళ్లకు ప్యానెళ్లు అమ్మజూపే ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు. ఇంకో రెండు కష్టాలున్నాయి. కోతులు వైర్లు పీకుతాయి. బోరు నీళ్లతో కడిగితే ప్యానెళ్ల మీద తెల్లటి పొర కడుతుంది, మన నీళ్ల సంగతి తెలిసిందే. వాన నీళ్లో, కృష్ణా నీళ్లో పట్టి పొద్దున్నే, అద్దం వేడెక్కకముందు కడగాలి.

ఎవరికి ఏది

సొంత డాబా, నెలకు మూడు వందల యూనిట్లు దాటే బిల్లు ఉన్నవాళ్లు మొదటి డబ్బు అక్కడే పెట్టండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, గృహజ్యోతి ఇళ్లవాళ్లు మామూలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండుతో మొదలుపెట్టండి. అందులో ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్, రిలయన్స్ ఎలాగూ ఉన్నాయి. అది ఒక దారిన పడ్డాక, మొత్తం పెట్టుబడిలో పదో వంతు మించకుండా పవర్ ఈటీఎఫ్ చేర్చుకోవచ్చు, ఏడేళ్లు కదపనని గట్టిగా అనుకుంటేనే. బిడ్డ పెళ్లికో, చదువుకో మూడేళ్లలో కావాల్సిన డబ్బు ఈ థీమ్‌లో వద్దే వద్దు. విదేశీ ఈటీఎఫ్ ఇప్పటికే పదిహేను ఇరవై లక్షల పైన పెట్టుబడులుండి, రిటర్నులు చూసే సీఏ ఉన్నవాళ్లకే. మిగతావాళ్లకు ఆ కాగితాల టెన్షన్ దండగ.

ఇక వాట్సాప్‌లో తిరిగే "సోలార్ ప్యానెల్ అద్దెకు తీసుకోండి, రోజుకింత ఆదాయం" యాప్‌లు ఈ పోలికలోకే రావు. ఈటీఎఫ్ కొంటే యూనిట్లు మీ డీమ్యాట్‌లో కనిపిస్తాయి, డీమ్యాట్ లెక్కలు చూసే సీడీఎస్‌ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ నుంచి మెసేజ్ వస్తుంది, నెల తిరక్కుండా స్టేట్‌మెంట్ వస్తుంది. యాప్ స్క్రీన్ మీద పెరిగే అంకె తప్ప ఇవేవీ రాకపోతే, ఎవరినో అడిగి కనుక్కుందామని ఆగకుండా అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.